మోటారుకు దిష్టిచుక్క

అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది అన్నది ముందే చెప్పుకోవడం మంచిది. ఆదోనిలోని ఒక నూలు మిల్లులో అన్యాయం ఇద్దరికి జరిగింది: ఒక మోటారుకు, ఒక మనిషికి. మోటారు తన మానాన తాను తిరుగుతూ ఉండగా దానికి వెర్రెత్తిందని ప్రచారం చేశారు. మనిషి తన మానాన తాను ఊడ్చుకుంటూ ఉండగా ఆ వెర్రికి కారణం ఆమేనని తేల్చారు. ఆమె పేరు మరియమ్మ. మోటారుకు వారం తిరగకుండానే న్యాయం జరిగింది. మరియమ్మకు నాలుగున్నర ఏళ్ళు పట్టింది. మోటారు ఖరీదైనది.

అది 1981 డిసెంబరు. ఎమ్మిగనూరు నేతగాళ్ళకు నూలు కొనిపెట్టే దేవేంద్రప్ప ఒకనాడు మిల్లు మేనేజరు సేతుమాధవరావు బల్ల మీద ఒక నూలు చిలప, చుట్టిన దారపు కట్ట, పడేశాడు.

“మీ నూలు ఒక మూర సన్నం, ఒక మూర లావు వస్తాండాది సార్. మగ్గం ఎక్కిస్తే పంచె నేస్తాండామా, గోనెపట్టా నేస్తాండామా మాకే తెల్లం గాకుండా ఉంది. ఇట్లయితే మేము వేరే మిల్లు చూసుకుంటాము.”

తప్పు పెద్ద మోటారుదని తేలింది. అది ఒకప్పుడు జోరుగా, ఒకప్పుడు నీరసంగా తిరిగేది. తేడా వచ్చిన వెంటనే సరిచేసుకునేందుకు, దాని వేగాన్ని అనుక్షణం కొలిచి చూపే పరికరం కోసం యజమానులు బెంగళూరు నుంచి వాదిరాజ అనే యువ ఇంజనీరును పిలిపించారు. అతడు మోటారు ఇరుసుకు నల్లరంగు పూసి, దాని మీద అంగుళం పొడవున ఒకే ఒక తెల్లపట్టీ అంటించాడు. దానికి ఎదురుగా చిన్న దీపమూ, వెలుతురును పసిగట్టే గాజుబిళ్ళా కలిసి ఉన్న ఒక గొట్టాన్ని బిగించాడు. ఇరుసు తిరుగుతూ తెల్లపట్టీ దీపం ముందుకు వచ్చినప్పుడల్లా వెలుతురు వెనక్కి కొడుతుంది. అది ఒక చుట్టు కింద లెక్క. నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో గోడ మీది బోర్డులో ఎర్రటి అంకెలై వెలుగుతుంది.

“దీన్ని సెన్సారు అంటారు,” అన్నాడు వాదిరాజ.

కార్మిక సంఘం నాయకుడు మల్లన్న అనుమానంగా చూశాడు. “సినిమాలు కత్తిరిస్తారే, ఆ సెన్సారా సార్?”

“ఇది కత్తిరించదు. చూస్తుంది అంతే.”

“అట్లయితే కన్ను అని సెప్పండి. ఉత్తపుణ్యానికి భయపెట్టినారు.”

ఆ విధంగా దానికి కన్ను అని పేరు పడింది. మేనేజరుతో సహా అందరూ కన్ను అనే అన్నారు. తరువాత జరిగిన అనర్థమంతా ఆ పేరులోనే ఉంది.

మరియమ్మ కౌతాళం నుంచి వచ్చి మిల్లులో రోజుకూలికి దూది ఊడ్చేది. వాదిరాజ ఆమెను పిలిచి, ఎగిరే దూది గాజు మీద పడితే కన్నుకు చూపు పోతుందని, రోజూ ఉదయం మెత్తని గుడ్డతో తుడవాలని చెప్పాడు. ఇరుసును మాత్రం ఎవరూ తాకరాదన్నాడు. సేతుమాధవరావు ఉదారంగా మరొక మాట చేర్చాడు.

“ఈ కన్ను నీ పూచీ మరియమ్మా. జాగ్రత్తగా చూసుకో. జనవరి నుంచి నిన్ను పర్మినెంటు చేయిస్తాను.”

ఒళ్ళు బాగా లేని రోజున కూడా పొయ్యి వెలిగే బతుకును పర్మినెంటు అంటారు. మరియమ్మ ఆ మాటను పట్టుకొని ఇంటికి పోయి, క్రిస్మస్‌కు ఇంకా చాలా రోజులు ఉండగానే, ఆ సంతోషంలో ఇంటికి సున్నం కొట్టించింది. అది కూడా ఆమె మీద సాక్ష్యంగా పనికి వస్తుందని ఎవరు అనుకుంటారు?

సేతుమాధవరావు మంత్రాలయం దగ్గరి ఊరివాడు, బి.ఏ. చదివినవాడు. యంత్రశాలలో నిమ్మకాయలు, ఎండు మిరపకాయలు వేలాడదీయరాదని నోటీసు అంటించినవాడు. ఆయుధపూజనాడు గుమ్మడికాయను గేటు బయటే కొట్టించినవాడు. ఆయనకు ఉన్న ఒకే ఒక వ్యసనం తాంబూలం. తండ్రి శ్రీపాదరావు వాడిన వెండి సున్నపు డబ్బీ ఎప్పుడూ ఆయన జేబులో ఉండేది. మూత మీద తండ్రి పేరులోని మొదటి అక్షరం చెక్కి ఉండేది.

కన్ను బిగించిన తరువాతి సోమవారం ఉదయం ఆయన వేసుకున్న పథకం చాలా సామాన్యమైనది. దేవేంద్రప్ప వస్తాడు. బోర్డు మీద 1440 అనే అంకె నిలకడగా వెలుగుతూ ఉంటుంది. దానిని చూపిస్తే సరిపోతుంది. కాఫీ తాగుతూ ఈ మాట తల్లి కృష్ణాబాయితో అన్నాడు. అదే ఆయన చేసిన పొరపాటు.

“రాత్రీపగలూ రెప్ప వేయకుండా ఆ కన్ను మోటారునే చూస్తుందా సేతూ?”

“అవునమ్మా.”

“నరుడి కంటికే నల్లరాయి పగులుతుందంటారు. ఇది రెప్ప వెయ్యని కన్ను. మోటారు నల్లరాయి కంటే గట్టిదా?”

“అది కన్ను కాదమ్మా, యంత్రం. పేరుకు కన్ను అన్నాం.”

“పేరు పెట్టినాక గుణం రాకుండా ఉంటుందా? నీకు సేతుమాధవ అని ఎందుకు పెట్టామనుకున్నావు?”

బి.ఏ.లో దీనికి సమాధానం చెప్పలేదు. షిఫ్టు మారేటప్పుడు మోటారును కాసేపు ఆపుతారు. ఆ వేళకు ఆయన మిల్లుకు చేరి, ఎవరూ లేకుండా చూసి, ఇరుసు దగ్గర వంగాడు. దిష్టిచుక్క కాటుకతో పెట్టాలి. కాని నల్ల ఇరుసు మీద కాటుక కనబడదు. కనబడని చుక్క దిష్టిని ఆపదని ఆయన న్యాయంగానే ఆలోచించాడు. డబ్బీ మూత తీసి, చూపుడువేలితో సున్నం అద్ది, తెల్లపట్టీకి సరిగ్గా అవతలి వైపున ఒక నిండు చుక్క పెట్టాడు. మనసు తేలికపడింది. మోటారు వేయమన్నాడు.

కన్ను తన ధర్మం తాను నెరవేర్చింది. ఒక చుట్టుకు రెండు తెలుపులు కనిపించాయి, రెండు చుట్లని లెక్క కట్టింది. బోర్డు మీద 2880 వెలిగింది.

సరిగ్గా అప్పుడే దేవేంద్రప్ప లోపలికి వచ్చాడు. అంకె చూశాడు. ఆలోచించాడు.

“మొన్న 1440 అని గదా సెప్పినారు? ఇప్పుడు రెండింతలు తిరుగుతాండాది. రెండింతలు తిరిగితే రెండింతలు నూలు వస్తాది. అట్లాంటప్పుడు దర సగం సెయ్యల్ల గదా సార్?”

వెనుక నుంచి మల్లన్న అందుకున్నాడు. “మోటారు రెండింతలు తిరిగితే దాని ముందర నిలబడినోళ్ళు గూడా రెండింతలు పని సేసినట్లే గదా సార్? కూలి రెండింతలు ఇయ్యల్ల.”

ఒకే అంకె ఆధారంగా ఒకరు సగం తగ్గించమని, మరొకరు రెట్టింపు చేయమని అడుగుతుంటే సేతుమాధవరావుకు తోచినది ఒక్కటే: దిష్టి గట్టిగా తగిలింది. మందు చాలలేదు. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ ఆయన ఇంకొక చుక్క పెట్టాడు.

బోర్డు మీద 4320 వెలిగింది.

మోటారు మునుపటి లాగానే తిరుగుతున్నది. దాని శబ్దం మారలేదు, వేడి పెరగలేదు. కాని చెవులున్నవారందరూ గోడ వైపే చూస్తున్నారు. మెకానిక్కు నాగన్నను పిలిపించారు. అతడు బోర్డు వైపు ఒకసారి చూసి, వేగం తగ్గించడానికి పుల్లీ మార్చాడు. దానితో నిజంగా కుదురుగా ఉన్న యంత్రాలు నిజంగానే నత్తనడక నడిచాయి. వరసవరసనా దారాలు తెగాయి. అంకె మాత్రం తగ్గలేదు. నాగన్న పుల్లీ మార్చింది యంత్రాల వైపు. కన్ను లెక్కపెట్టేది మోటారు ఇరుసును.

“తగ్గలేదేమి నాగన్నా?”

“మొండికేసింది సార్. ఎద్దులు గూడా అప్పుడప్పుడు ఇట్లనే సేస్తాయి.”

మరునాటికి సంగతి ఊరు దాటింది. ఆదోనిలో ఒక మోటారు పిచ్చిగా తిరిగి కప్పు చీల్చుకొని ఎగిరిపోయిందని, హాలహర్వి పొలాల్లో పడిందని చెప్పుకున్నారు. హాలహర్వి నుంచే ఒక కుటుంబం పొద్దుటి బస్సులో దిగి మిల్లు గేటు దగ్గర నిలబడింది.

“మా ఊర్లో పడిందంట సామీ. మాకు కనపళ్ళేదు. ఎగిరిన జాగా అన్నా సూసిపోదామని వచ్చినాము,” అన్నాడు కుటుంబ పెద్ద.

వారిని పంపివేయడానికి సమయం పట్టింది. ఎగరలేదని చెబితే వారు నొచ్చుకున్నారు. బస్సు చార్జీ పెట్టుకొని వచ్చినవారు. ఆ గొడవలోనే, షిఫ్టు మారడానికి మోటారు ఆపినప్పుడు, సేతుమాధవరావు మూడవసారి ఇరుసు దగ్గరకు పోయాడు. మూడవ చుక్క పెడుతుండగా ఎవరో వస్తున్న అలికిడి అయింది. ఉలికిపడి లేచాడు. డబ్బీ చేతి నుంచి జారి మోటారు వెనక్కి దొర్లింది. వెతకడానికి వ్యవధి లేదు. ఏమీ ఎరుగనట్టు బయటికి నడిచి, మోటారు వేయించాడు.

5760.

తన గదికి వచ్చి ఖాళీ జేబు తడుముకున్నాక ఆయనకు అసలు చిక్కు అర్థమైంది. తండ్రి డబ్బీ అక్కడ దొరికితే, నిమ్మకాయలు నిషేధించిన మనిషి ముఖం ఏం కావాలి? పరీక్ష చేసే నెపంతో తిరిగి యంత్రశాలకు బయలుదేరాడు. కాని మేనేజరు ఒంటరిగా ఎక్కడికీ పోలేడు. మల్లన్న వెంటబడ్డాడు, దేవేంద్రప్ప వెంటబడ్డాడు, నాగన్న స్పానరు పట్టుకొని వెంటబడ్డాడు, వారి వెనుక దారాలు తెగి పని లేక నిలబడిన సగం మిల్లు వచ్చింది.

మోటారు పక్కన మరియమ్మ నిలబడి ఉంది. ఒక చేతిలో తుడిచే గుడ్డ ఉంది. రెండవ చేయి పిడికిలి బిగించి ఉంది. మేనేజరును చూడగానే ఆమె ఏదో చెప్పబోయి ఒక అడుగు ముందుకు వేసింది.

నాగన్న ముందే మాట్లాడాడు. “ఈమెనే సార్. పొద్దు మొలిసినప్పటి నుంచి దీని కాడనే ఉంటాది. కన్ను మీద సెయ్యి పెట్టేది ఈమె ఒక్కతే.”

గుంపు అంతా అవునంది. ఏం జరిగిందో ఎవరికీ తెలియనప్పుడు ఎవరు చేశారో అందరికీ తెలుస్తుంది. సేతుమాధవరావు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో నిజం చెప్పవచ్చు. ఆయన చెప్పలేదు.

“నీ చెయ్యి పడినప్పటి నుంచే లెక్క తప్పింది మరియమ్మా. కన్నును పాడు చేశావు. రేపటి నుంచి రావద్దు.”

“నా సెయ్యి పడితే దుమ్ము పోతాది సార్. అంకె యాడికి పోతాది?”

“ఎదురు చెప్పకు. పో.”

ఆమె తన పిడికిలి వైపు చూసుకుంది, చుట్టూ ఉన్న ముఖాల వైపు చూసింది. తరువాత చేతిని కొంగులో పెట్టుకొని, తలుపు దాటి వెళ్ళిపోయింది. సేతుమాధవరావు ఆ సాయంత్రం మోటారు వెనుక చాలాసేపు వెతికాడు. డబ్బీ దొరకలేదు.

కబురు అందుకొని వాదిరాజ బెంగళూరు నుంచి వచ్చాడు. బోర్డు వైపు చూడనైనా చూడకుండా మోటారు ఆపమన్నాడు. ఇరుసును చేతితో మెల్లగా తిప్పాడు. ఒక తెల్లపట్టీ ఉండవలసిన చోట దానితో పాటు మూడు తెల్లచుక్కలు వరసగా పలకరించాయి. గోటితో గీకి చూశాడు.

“ఇది సున్నం. ఒక చుట్టును నాలుగుగా లెక్కపెట్టింది, అంతే. మోటారులో ఏ లోపమూ లేదు. ఇక్కడ సున్నం ఎవరి దగ్గర ఉంటుంది?”

యంత్రశాలలో ఉన్న కళ్ళన్నీ మేనేజరు వైపు తిరిగాయి. ఆయన చూపుడువేలి కొసన తెల్లటి మరక ఎన్నడూ పోనిదని అందరికీ తెలుసు. సేతుమాధవరావు నోటినిండా తాంబూలం ఉంది. అందువల్ల ఆయన మాట్లాడలేదు.

ఆ మౌనాన్ని నాగన్న భరించలేకపోయాడు. అతనికి ముగ్గురు పిల్లలున్నారు, మేనేజరు కింద ఉద్యోగం ఉంది. “మరియక్క ఇంటికి మొన్ననే సున్నం కొట్టించింది సార్,” అన్నాడు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆమె అక్కడ లేదు గనుక కాదనేవారు లేరు. వాదిరాజ చుక్కలు తుడిచాడు, నాగన్న పాత పుల్లీ బిగించాడు, 1440 వెలిగింది. దేవేంద్రప్ప పాత ధరకే నూలు కొన్నాడు. మోటారుకు న్యాయం జరిగిపోయింది.

మనిషి చేసిన తప్పు ఒకటి ఉంటుంది. చేయవలసినది చేయకుండా ఊరుకున్న తప్పు మరొకటి ఉంటుంది. మొదటి దానిని సేతుమాధవరావు భయంతో చేశాడు, దానిని నవ్వి ఊరుకోవచ్చు. రెండవది ఆనాడు ఆ శాలలో నిలబడినవారందరూ కలిసి చేశారు. దానికి నవ్వు రాదు.

మరియమ్మ ఆదోనిలో ఏ మిల్లు గేటుకు పోయినా ఒకటే ప్రశ్న ఎదురయ్యేది: “మోటారుకు ఎర్రి లేపింది నువ్వేనా?” కొందరు భయంతో అడిగేవారు, కొందరు వేడుకగా అడిగేవారు. పని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. చివరికి ఎమ్మిగనూరు పోయి ఒక నేతగాని ఇంట నూలు కండెలు చుట్టే పనిలో చేరింది. తనను పొమ్మన్న మిల్లు నూలే అక్కడా ఆమె చేతికి వచ్చేది. అందులో లావు సన్నం లేవు. కన్ను బాగా పని చేస్తున్నదని ఆమెకు దారంలోనే తెలిసేది.

1986 వేసవిలో సేతుమాధవరావు ఉద్యోగ విరమణ చేశాడు. మిల్లు ఆవరణలో షామియానా వేశారు. దేవేంద్రప్ప ఎమ్మిగనూరు నుంచి శాలువా తెచ్చాడు. అదే బస్సులో మరియమ్మ కూడా దిగింది. ఎందుకని దేవేంద్రప్ప అడిగితే, “సార్‌కు ఒక బాకీ ఉన్నాను అన్నా, తీర్చి వస్తాను,” అంది.

వేదిక మీద మల్లన్న ఉపన్యసిస్తున్నాడు. “మూఢనమ్మకాన్ని గేటు బయట నిలబెట్టిన మనిషి మా సార్...” చప్పట్లు ఇంకా ఆగకముందే మరియమ్మ లేచి వేదిక దగ్గరకు నడిచింది.

“సార్, మీ సొమ్ము ఒకటి నా కాడ ఉండిపోయింది. అప్పు పెట్టుకొని సచ్చేది నాకిష్టం లేదు.”

కొంగు ముడి విప్పి, వెండి డబ్బీని తీసి, ఆయన ముందున్న పూలదండల మీద పెట్టింది. మూత మీద ‘శ్రీ’ అనే అక్షరం అందరికీ కనిపించింది.

“ఇది యాడ దొరికింది మరియమ్మా?” అన్నాడు దేవేంద్రప్ప.

“మోటారు ఎనకాల, కన్ను కింద. నన్ను పొమ్మన్న పొద్దు ఇది నా పిడికిట్లో ఉండె. సార్ చేతికి ఇద్దామనే వస్తాంటి.”

“అప్పుడే ఇయ్యకుండా ఎందుకు పోతివి?” అన్నాడు నాగన్న.

“ఇచ్చింటే, కన్ను చెడగొట్టింది అన్నోళ్ళు ఎండి డబ్బీ గూడా దొంగిలించింది అనకుండా ఉందురా నాగన్నా? నువ్వే సెప్పు.”

  మోటారు వెనక్కి ఆ డబ్బీ ఎలా పోయిందో షామియానా కింద కూర్చున్న ప్రతివారికీ ఇప్పుడు వేరే వివరణ అక్కరలేదు.

సేతుమాధవరావు డబ్బీని చేతిలోకి తీసుకున్నాడు. పళ్ళ డాక్టరు తాంబూలం మాన్పించి చాలాకాలమైంది. ఈసారి నోట్లో అడ్డం ఏమీ లేదు.

“అమ్మ పోయేముందు కూడా దీని గురించి అడిగింది,” అన్నాడు మెల్లగా. “నాన్నగారి డబ్బీ దొరికిందా సేతూ, అని.”

మరియమ్మ తల వంచుకుంది. “ఆ తప్పు నాది సార్. దానికి నన్ను మన్నించండి. తక్కిన లెక్క మీది.”

“ఆ చుక్కలు నేనే పెట్టాను,” అన్నాడాయన. ముందు వరసకు మాత్రమే వినబడింది.

“ఈడ గాదు సార్. నన్ను పొమ్మన్నది మోటారు కాడ గదా, ఆడ సెప్పండి,” అంది మరియమ్మ.

సన్మాన సభ యావత్తూ లేచి యంత్రశాలకు నడిచింది. మెడలో దండలతో సేతుమాధవరావు గోడ మీది బోర్డు కింద, సరిగ్గా ఆనాడు నిలబడిన చోటనే నిలబడ్డాడు. ఎమ్మిగనూరుకు పంపవలసిన నూలు ఉన్నందున మోటారును ఆపడానికి కొత్త మేనేజరు ఒప్పుకోలేదు. ఆ హోరులోనే చెప్పవలసి వచ్చింది.

“ఆ చుక్కలు నేను పెట్టాను. మరియమ్మ తప్పు లేదు.”

నాగన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. “ఏమన్నారు సార్?”

ఆయన గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు.

“తలుపు కాడ ఉండేటోళ్ళకు ఇనపళ్ళేదంట సార్,” అన్నాడు మల్లన్న.

అరవై ఏళ్ళకు చేరువైన సేతుమాధవరావు దండలు తీసి పక్కన పెట్టి, మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. “మూడు చుక్కలూ నేనే పెట్టాను. దిష్టికి భయపడి పెట్టాను. మరియమ్మ ఏ పాపమూ ఎరగదు. తెలిసీ పంపేశాను.”

తలుపు దగ్గర ఉన్నవారు కూడా విన్నారు. బోర్డు మీద 1440 నిలకడగా వెలుగుతున్నది. మరియమ్మ కొంగు సర్దుకుంది.

“సాలు సార్. మూడు చుక్కలకు మూడు తూర్లు అయిపోయె.”

ఆమె ఎమ్మిగనూరు బస్సుకు వేళయిందని వెళ్ళిపోయింది. సేతుమాధవరావు ఖాళీ షామియానా కింద కూర్చొని లెక్క చూసుకుంటే ఇరువైపులా బాకీ సున్న. మూత తీసి చూసుకుంటే డబ్బీలో సున్నం.